ఒకే జట్టు, మారిన పేర్లు: హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ క్రీడాకారుల జీవనచరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1950 తరువాతి దశాబ్దంన్నర కాలంలో భారత ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణికి చెందిన జట్లలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఒకటి. ఈ జట్టులోని పలువురు క్రీడాకారులు తమ ఆట జీవితాన్నంతా ఆ ఒక్క జట్టుకే ఇచ్చారు. దీనిని సాధారణంగా విధేయత అని, అభిమానమని చెప్పుకొంటారు. ఆ విధేయత వెనుక కొలువు, కుటుంబ పోషణ, 1948 తరువాతి హైదరాబాద్ రాజకీయ స్థితి ఎలా పనిచేశాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. క్రీడాకారుడు ఒకే జట్టులో ఉండగా ఆ జట్టు పేరు, అది ప్రాతినిధ్యం వహించిన రాష్ట్రం మారిపోవడం ఇందులో మరొక ప్రధానాంశం. కలకత్తా క్లబ్బులకు వెళ్లిన హైదరాబాద్ క్రీడాకారులతోను, ఇతర దేశాలలో ఒకే క్లబ్బుకు ఆడినవారితోను పోలిక సందర్భానుసారంగా చేయబడింది.

కీలకపదాలు: హైదరాబాద్ సిటీ పోలీస్, సయ్యద్ అబ్దుల్ రహీం, యూసుఫ్ ఖాన్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్, సంస్థాగత క్రీడ, మౌఖిక చరిత్ర.

1. ప్రవేశిక

తొమ్మిదేళ్లు ఆగిపోయిన డ్యూరాండ్ కప్ పోటీలు 1950లో ఢిల్లీలో తిరిగి మొదలైనాయి. 1888లో సిమ్లాలో బ్రిటిషు సైనికుల కోసం ఏర్పడిన ఈ పోటీని 1940లో తొలిసారిగా ఒక భారతీయ జట్టు, కలకత్తాకు చెందిన మొహమ్మడన్ స్పోర్టింగ్, గెలుచుకొంది. స్వాతంత్ర్యానంతరం జరిగిన తొలి డ్యూరాండ్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఎదుర్కొన్నది హైదరాబాద్ సిటీ పోలీస్. మొదటి ఆట తేలకపోవడంతో మళ్లీ ఆడవలసి వచ్చింది. రెండో ఆటలో హైదరాబాద్ జట్టు ఒక్క గోలుతో గెలిచింది.

అంతకు రెండేళ్ల క్రితం, 1948 సెప్టెంబరులో, హైదరాబాద్ సంస్థానం భారత సైనిక చర్యతో భారతదేశంలో కలిసింది. అంటే అప్పటికి రెండేళ్ల క్రితం వరకు నిజాం కొలువులో ఉన్న నగర పోలీసు వ్యవస్థ నుంచి వచ్చిన జట్టు, గణతంత్ర దేశపు రాజధానిలో, దేశీయ ఫుట్‌బాల్‌కు ప్రతీకగా భావించే మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తీసుకొంది. క్రీడా గ్రంథాలు దీనిని ఒక ఫలితంగా నమోదు చేసి ముందుకు సాగుతాయి. ఆ జట్టులో ఆడిన యువకుని దృష్టి నుంచి చూస్తే ఈ విజయానికి ఇంకొక అర్థం కనిపిస్తుంది.

ఆట మానుకొన్న క్రీడాకారుడు వెనుదిరిగి చూసుకొనే రచనలు ప్రపంచ క్రీడా సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి. అందులోనూ జీవితమంతా ఒకే క్లబ్బుకు ఆడినవాని కథకు గౌరవం ఎక్కువ. ఇటలీలో ఏసీ మిలాన్‌కు ఇరవై అయిదు సీజన్లు ఆడిన పావ్లో మాల్దీని, రోమాను వదలని ఫ్రాన్సెస్కో తొత్తీ వంటివారి జీవితాలు ఆ నగరాల పురాణాలలో భాగమైనాయి. హైదరాబాద్ పోలీసు క్రీడాకారులకు ఈ నమూనాను యథాతథంగా అన్వయిస్తే వారి జీవితంలోని ముఖ్యమైన భాగం చేయి జారిపోతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వారికి క్లబ్బు అంటే జీతమిచ్చే యజమాని. చొక్కా మీది చిహ్నమే వారి ఉద్యోగ చిహ్నం కూడా.

2. నేల, నేర్పరి

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ రెండు దారులలో వేళ్లూనుకొంది. సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లలోని బ్రిటిషు పటాలాల ఆట చుట్టుపక్కల బస్తీల పిల్లల కాళ్లకు అలవాటైంది. ఇటు పాతనగరానికి దక్షిణాన, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సంతతివారు స్థిరపడిన బార్కస్‌లో అది తరతరాల ఆట అయింది. పాఠశాలలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం దీనికి చదువుకొన్న క్రీడాకారులను చేర్చాయి. ఆ చదువుకొన్నవారిలో ఒకరు సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో జన్మించిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడై 1963లో మరణించేవరకు ఆ బాధ్యతను మోశారు. దాదాపు అదే కాలంలో భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనివే. 2024లో హిందీ చలనచిత్రం ‘మైదాన్’ వచ్చిన తరువాత ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది. చలనచిత్రం జాతీయ జట్టు కథ చెబుతుంది. రహీం పద్ధతి రూపుదిద్దుకొన్న చోటు మాత్రం హైదరాబాద్ మైదానాలు.

ఆ పద్ధతిని గురించి ఒక మాట చెప్పుకోవాలి. బంతిని కాలివద్ద ఉంచుకొని ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ పోయే డ్రిబ్లింగ్ అప్పటి ప్రేక్షకులకు ప్రాణం. రహీం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టించారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు నిర్వహించారు. పొట్టి పిల్లలకు ఎత్తు పరిమితితో వేరే పోటీలు ఏర్పరిచారు. వీటి వెనుక ఉన్నది బడి పంతులు బుద్ధి. పిల్లవాడు తనకు రానిదాన్ని తప్పించుకోకుండా, రానిదానితోనే ఆడవలసిన స్థితిని కల్పించడం ఆయన బోధనాసూత్రం. ఒకే జట్టులో ఏళ్లతరబడి ఉన్నవారికి ఈ శిక్షణ ఉమ్మడి భాషగా మారింది. ఒకరు తల ఎత్తకముందే మరొకరు ఎక్కడుంటారో తెలిసిన జట్టు అలా తయారయింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును సిటీ పోలీస్ గెలుచుకోవడానికి వ్యక్తుల ప్రతిభతోపాటు ఈ స్థిరత్వమూ కారణం. ఒకే క్లబ్బులో ఉండిపోవడం వల్ల క్రీడాకారునికి కలిగిన నష్టాల గురించి ముందు చెప్పుకొంటాం. ఆటకు కలిగిన లాభం మాత్రం ఇది.

3. కొలువు, ఆట

సంస్థాగత జట్ల పని తీరు స్థూలంగా ఇలా ఉండేది. బస్తీ పోటీలలోనో, పాఠశాల పోటీలలోనో ఒక యువకుడు కళ్లబడతాడు. అతన్ని శాఖలో చేర్చుకొంటారు. ఉదయం, సాయంత్రం సాధన ఉంటుంది. పోటీల కాలంలో విధుల నుంచి మినహాయింపు ఉంటుంది. మిగతా రోజులలో అతను ఉద్యోగి. గెలుపు పదోన్నతికి తోడ్పడవచ్చు. మోకాలు దెబ్బతిన్నా, వయసు మీరినా ఉద్యోగం మిగులుతుంది, ఆ తరువాత పింఛను. ఆట పదేళ్లది, ఉద్యోగం ముప్పై ఏళ్లది. ఈ లెక్క తెలియనిదే ఆ తరం నిర్ణయాలు అర్థం కావు.

ఈ లెక్కకు హైదరాబాద్‌లో మరొక బరువు కూడా ఉంది. ఆ జట్టులో అధిక సంఖ్యాకులు నగరంలోని ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవారు. 1948 తరువాత నిజాం సైన్యం రద్దయింది. పరిపాలనలోనూ పాత వ్యవస్థ మీద ఆధారపడిన అనేక ముస్లిం కుటుంబాలు కొలువులు కోల్పోయాయి. కొందరు దేశం విడిచి వెళ్లారు. ఆ పరిస్థితిలో 1950 నాటి ముస్లిం యువకునికి కొత్త ప్రభుత్వపు పోలీసు శాఖలో ఉద్యోగం దొరకడం, ఆ శాఖ పేరున దేశ రాజధానిలో ఆడి గెలవడం సామాన్య విషయం కాదు. జీతంతోపాటు, ‘నీవు ఇక్కడివాడవే’ అనే ఒక గుర్తింపును అది ఇచ్చింది. విధేయత అనే మాటకు ఇక్కడ రెండు వైపులా అర్థం ఉంది. క్రీడాకారుడు జట్టుకు విధేయుడు, జట్టు ద్వారా రాజ్యం అతనికి చోటిచ్చింది.

ఇదే పోలీసు వ్యవస్థ గురించి ఇంకొక చరిత్ర ఉన్నది. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమ సందర్భంగా హైదరాబాద్‌లో సిటీ కళాశాల ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదీ రోవర్స్ కప్పు సిటీ పోలీస్‌దే. ఒకే సంస్థ పేరు ఒకచోట దుఃఖంతోను, మరొకచోట గర్వంతోను నగరం నోట పలికింది. క్రీడాకారులను ఆ కాల్పులతో ముడిపెట్టడం అన్యాయం. అయినా ఆట చరిత్రను ఉద్యమ చరిత్రకు సంబంధం లేనట్టు వేరే గదిలో పెట్టి తాళం వేయడమూ సరికాదు. ప్రేక్షకుడొక్కడే. బహుశా అతడే ఒకనాడు ఊరేగింపులోనూ, మరొకనాడు ఫతే మైదాన్‌లోనూ ఉన్నాడు.

ఈ జట్టు నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లినవారిలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్ 1952 హెల్సింకి జట్టులో ఉన్నారు. యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిన ఆ జట్టులో పలువురు చలిలో వట్టి కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తరువాతనే భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయినాయి. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ బూట్లతో మళ్లీ ఆడారు. క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. నాలుగేళ్లలో వట్టి కాళ్ల నుంచి బూట్లకు, పది గోళ్ల ఓటమి నుంచి నాలుగో స్థానానికి వచ్చిన మార్పును స్వయంగా తమ పాదాలతో అనుభవించిన తరం అది.

తరువాతి తరానికి ప్రతినిధి యూసుఫ్ ఖాన్. 1937లో పుట్టిన ఆయన పోలీసు జట్టు ఆటగాడిగానే 1960 రోమ్ ఒలింపిక్స్‌కు, 1962 జకార్తాకు వెళ్లారు. 1966లో అర్జున పురస్కారం అందుకొన్నారు. గడ్డాన్ని, అలుపెరగని పరుగును కలిపి అభిమానులు ఆయనను ‘గడ్డపు గుర్రం’ అన్నారు. రక్షణలో, మధ్యలో, దాడిలో ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగలగడం ఆయన ప్రత్యేకత. ఈ బహుముఖత్వాన్ని సాధారణంగా ప్రతిభగా మాత్రమే చూస్తాం. అది ఒకే జట్టులో ఉన్నవాని లక్షణం కూడా. బజారులో తనను తాను ఫార్వర్డ్‌గానో, హాఫ్‌గానో చూపించుకోవలసిన ఆటగాడు తన స్థానాన్ని కాపాడుకొంటాడు. ఉద్యోగం ఉన్న ఆటగాడు జట్టుకు ఏ ఖాళీ ఉంటే దాన్ని నింపుతాడు. 2006లో కన్నుమూసే నాటికి యూసుఫ్ ఖాన్ పేరు హైదరాబాద్‌లోనే చాలామందికి కొత్త. జకార్తా బంగారు పతకానికి అప్పటికి నలభై నాలుగేళ్లు.

4. విధేయత ఎంత, నిర్బంధం ఎంత?

ఒకే క్లబ్బు జీవితం పూర్తిగా స్వేచ్ఛగా ఎంచుకొన్నది అనుకోవడం ఎక్కడా నిజం కాదు. ఇంగ్లండులో ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు జీవితమంతా ఆడిన టామ్ ఫిన్నీకి 1952లో ఇటలీలోని పలెర్మో క్లబ్బు నుంచి పెద్ద మొత్తంతో పిలుపు వచ్చింది. క్లబ్బు యాజమాన్యం పంపడానికి ఒప్పుకోలేదు. అప్పటి నిబంధనల ప్రకారం ఒప్పందం ముగిసినా ఆటగాణ్ణి క్లబ్బు తనవద్దే ఉంచుకోవచ్చు. వారపు వేతనానికి గరిష్ఠ పరిమితి ఉండేది. ఆ పరిమితి 1961లో పోయింది. ఆటగాణ్ణి కట్టిపడేసే నిబంధన 1963లో జార్జి ఈస్ట్‌హామ్ వేసిన దావాలో న్యాయస్థానం ముందు నిలవలేకపోయింది. ఫిన్నీ ప్లంబింగ్ పని నేర్చుకొని, ఆ వ్యాపారం కూడా నడుపుకొన్నాడు. ప్రెస్టన్ ప్రజలు ఆయనను తమవాడుగా చూడటానికి ఈ పని కూడా ఒక కారణం.

హైదరాబాద్‌కు దగ్గరి పోలిక సోవియట్ దేశంలో దొరుకుతుంది. లెవ్ యాషిన్ 1950 నుంచి 1970 వరకు మాస్కో డైనమో ఒక్కదానికే గోల్‌కీపర్. డైనమో అక్కడి అంతరంగిక వ్యవహారాల శాఖ, అంటే పోలీసు శాఖ, క్రీడాసంఘం. ఒకే కాలంలో, ఎంతో భిన్నమైన రాజకీయ వ్యవస్థలలో, పోలీసు చొక్కా వేసుకొన్న ఒకే క్లబ్బు క్రీడాకారులు ఇటు హైదరాబాద్‌లోనూ అటు మాస్కోలోనూ ఉండటం యాదృచ్ఛికం అనలేం. వృత్తి క్రీడ ఇంకా బహిరంగంగా ఒప్పుకోని కాలంలో ఆటగాణ్ణి పోషించగలిగినవి రాజ్యం నడిపే శాఖలే.

భారతదేశంలోనే మరి రెండు నమూనాలు ఉన్నాయి. చునీ గోస్వామి మోహన్ బగాన్‌ను వదలలేదు. ఉద్యోగం స్టేట్ బ్యాంకులో, ఆట క్లబ్బులో. ఆయనకు జీవిక ఒకచోట, అభిమానం మరొకచోట. పి.కె. బెనర్జీ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులలో దేనిలోనూ చేరకుండా తూర్పు రైల్వే జట్టులో ఉండిపోయారు. హైదరాబాద్ పోలీసు ఆటగాని స్థితి బెనర్జీకి దగ్గర, గోస్వామికి దూరం. అయినా ఒక తేడా ఉంది. గోస్వామి తన జీవితాన్ని బెంగాలీలో ‘ఖేల్తే ఖేల్తే’ అనే ఆత్మకథగా చెప్పుకొన్నారు. బెంగాల్‌లో ఫుట్‌బాల్ సాహిత్యంలో భాగం. అటువంటి ఆత్మకథా సంప్రదాయం మన ఫుట్‌బాల్‌కు ఏర్పడలేదు. దీని పరిణామాలు ఆరవ భాగంలో చూడవచ్చు.

5. కలకత్తా దారి

ఉండిపోయినవారిని అర్థం చేసుకోవడానికి వెళ్లిపోయినవారు కావాలి. 1949–53 నాటి ఈస్ట్ బెంగాల్ ఫార్వర్డ్ వరుసను అభిమానులు ‘పంచపాండవులు’ అని పిలుచుకొన్నారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఆ అయిదుగురి పేర్లు వింటేనే దక్షిణాది నుంచి కలకత్తాకు వలస అప్పటికే మొదలైందని తెలుస్తుంది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ దారిలో వెళ్లినవారిలో అగ్రగణ్యుడు. శిక్షణకు నగరానికి రావడానికి డబ్బు లేదన్న ఈ యువకునికి రహీం సైకిలు అద్దె ఇచ్చి పిలిపించుకొన్నారని బలరాం స్వయంగా పలు ఇంటర్వ్యూలలో చెప్పుకొన్నారు. మెల్‌బోర్న్, రోమ్, జకార్తా మూడూ చూసిన బలరాం 1957 నుంచి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. ఊపిరితిత్తుల వ్యాధి వల్ల ఇరవై ఏడేళ్లకే పెద్ద ఆటకు దూరమైనారు. తిరిగి అమ్ముగూడ చేరలేదు. బెంగాల్‌లో ఉత్తర్‌పాడాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

1960ల మధ్యలో ఈ ప్రవాహం ఉద్ధృతమైంది. పోలీసు జట్టులో ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు ఆయనే. మహమ్మద్ హబీబ్ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. ఉద్యోగం వద్దనుకొని ఫుట్‌బాల్‌నే వృత్తిగా ఎంచుకొన్న తొలి భారతీయ క్రీడాకారునిగా హబీబ్‌ను చాలామంది పరిగణిస్తారు. 1977లో పెలే సభ్యుడుగా వచ్చిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచినప్పుడు ఒక గోలు ఆయనదే. ఆఖరి రోజులు మాత్రం హైదరాబాద్‌లోనే గడిపి 2023 ఆగస్టు 15న మరణించారు.

యూసుఫ్ ఖాన్‌ను, హబీబ్‌ను పక్కపక్కన నిలిపి చూడటం ఈ వ్యాసానికి కీలకం. ఒకరు కొలువును ఎంచుకొని ఆటను దానిలో ఇమిడ్చుకొన్నారు. మరొకరు ఆటను ఎంచుకొని కొలువును కాదన్నారు. వీరిలో ఎవరు ఎక్కువ ప్రేమించారు అనే ప్రశ్న వ్యర్థం. పన్నెండేళ్ల తేడాతో పుట్టిన ఈ ఇద్దరి మధ్య భారత ఫుట్‌బాల్ ఆర్థిక వ్యవస్థ మారింది. 1950లో హైదరాబాద్ యువకునికి పోలీసు ఉద్యోగం కంటే భద్రమైన ప్రతిఫలం ఆటలో లేదు. 1966 నాటికి కలకత్తా క్లబ్బులు ఇవ్వగలిగింది వేరు. 1963లో రహీం మరణంతో, ఉండిపోవడానికి ఉన్న మరొక కారణమూ పోయింది. ఏ జట్టుకైనా ఇలాంటి దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలితే నిలబడటం కష్టం.

6. పేరు మారిన జట్టు, మాసిన జ్ఞాపకం

ఇక్కడ పేర్ల సంగతి ప్రత్యేకంగా పరిశీలించాలి. 1930ల చివర ఏర్పడిన ఈ జట్టుకు తొలినాళ్లలో ‘సిటీ ఆఫ్ఘాన్స్’ అనే పేరుండేది. దేశానికి తెలిసిన పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత కొన్నేళ్లకు అది ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. డ్యూరాండ్ విజేతల పట్టికలో 1950, 1954, 1957 సంవత్సరాల ఎదుట ఒక పేరు, 1961 ఎదుట మరొక పేరు కనిపిస్తుంది. సంతోష్ ట్రోఫీలోనూ ఇదే కథ. 1956–57, 1957–58 పోటీలను గెలిచింది హైదరాబాద్, 1965లో గెలిచింది ఆంధ్రప్రదేశ్. పట్టిక చదివేవారికి ఇవి రెండు వేర్వేరు జట్లు. ఆ ఆటగాళ్లకు మాత్రం అదే మైదానం, అదే శిక్షకుడు, అదే జీతపు పుస్తకం.

ఒకే క్లబ్బుకు ఆడిన యూరపు క్రీడాకారుని కథలో క్లబ్బు స్థిరం, కాలం చలనం. హైదరాబాద్‌లో స్థిరంగా ఉన్నది క్రీడాకారుడు. అతని చుట్టూ సంస్థానం రాష్ట్రమైంది, ఆ రాష్ట్రం మరొక రాష్ట్రంలో కలిసింది. అతను పదవీ విరమణ చేసి వృద్ధుడయ్యేసరికి, 2014 జూన్ 2న, ఆ రాష్ట్రమూ రెండయింది. ఫలితంగా వారసత్వం చిక్కుబడింది. జట్టు పుట్టిన నగరం తెలంగాణలో ఉంది. పతకాల పట్టికలోని చివరి పేరు ఆంధ్రప్రదేశ్‌ది. నాలుగు డ్యూరాండ్ కప్పులు, తొమ్మిది రోవర్స్ కప్పులు (అందులో 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకొన్నది ఒకటి) తెలుగు నేల మీది ఏ జట్టూ మళ్లీ అందుకోని సంపద. రెండు రాష్ట్రాల క్రీడా చరిత్రలలోనూ అది పాదసూచిక స్థాయిని దాటకపోవడానికి ఈ పేరు చిక్కు ఒక కారణమని చెప్పవచ్చు.

రెండో కారణం భాష. ఈ క్రీడాకారుల ఇంటి భాష ప్రధానంగా దక్కనీ ఉర్దూ. కంటోన్మెంటు నుంచి వచ్చినవారిది తమిళం లేదా ఇంగ్లీషు. వారి విజయాలు నమోదైనది ఎక్కువగా ఉర్దూ, ఇంగ్లీషు పత్రికలలో. 1949లో మొదలైన ‘సియాసత్’ వంటి ఉర్దూ దినపత్రికల తొలి దశాబ్దాల సంచికలు ఈ చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. తెలుగు సాహిత్య చరిత్రకారులు, తెలుగు శాఖల పరిశోధకులు ఆ వైపు వెళ్లడం అరుదు. తెలుగువారి చరిత్ర అంటే తెలుగులో రాసుకొన్న చరిత్ర మాత్రమే అనే అలవాటు మనలో బలంగా ఉంది. ఆ అలవాటు ఈ నేల మీది ఎన్నో జీవితాలను మన పరిధి బయట ఉంచింది. ఫుట్‌బాల్ అందులో ఒకటి మాత్రమే.

ఈ లోటును మౌఖిక చరిత్ర కొంత పూరించగలదు. అయితే ఒక జాగ్రత్త అవసరం. వృద్ధ క్రీడాకారుని జ్ఞాపకం సాధారణంగా గెలిచిన ఆటల చుట్టూ, గురువు చుట్టూ, సహచరుల పరిహాసాల చుట్టూ తిరుగుతుంది. కూర్చోబెట్టి అడిగేవారు కూడా గోలు గురించి అడుగుతారు, జీతం గురించి అడగరు. బెంచి మీద గడిపిన ఏడాది, గాయం తరువాత మారిన విధులు, పదోన్నతి కోసం పెట్టుకొన్న అర్జీ ఆ సంభాషణలో చోటు చేసుకోవు. ఈ ఖాళీని పూరించగలిగినది పోలీసు శాఖ సేవాపుస్తకం. చేరిన తేదీ, జీతపు స్థాయి, సెలవులు, బదిలీలు, విరమణ అందులో ఉంటాయి. క్రీడాకారుని నోటి మాటను, గుమాస్తా చేతిరాతను కలిపి చదివినప్పుడే ఒకే క్లబ్బుకు ఆడిన జీవితం అంటే ఏమిటో స్పష్టమవుతుంది. సెలవుల పట్టికలో ‘డ్యూటీ మీద ఢిల్లీకి’ అనదగిన ఒక్క నమోదు వెనుక ఒక డ్యూరాండ్ ఫైనల్ ఉండవచ్చు.

కాలం ఎక్కువ లేదు. 1960 రోమ్ జట్టు సభ్యుడు, రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 2021లో మరణించారు. తరువాత రెండేళ్లకు బలరాం, హబీబ్ ఒకే ఏడాది వెళ్లిపోయారు.

7. మైదానంలో ఇప్పుడు

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సి 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు పాత వైభవం తిరిగి వచ్చిందని పత్రికలు రాశాయి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొంది. పోలీసు జట్టు పేరు మారినప్పుడు కనీసం మైదానం మారలేదు. పెట్టుబడి క్లబ్బుకు ఊరితో ఉన్న ముడి ఎంత పలుచనిదో చెప్పడానికి ఇంతకన్న వివరణ అక్కరలేదు. ఆటగాడు జీవితమంతా ఒకే క్లబ్బులో ఉండాలంటే ముందు క్లబ్బు ఒకచోట ఉండాలి.

రాయలసీమ సంగతి వేరు. కదిరి పక్కన గాండ్లపెంట వంటి మండలాలలో ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ వలె పాత వేళ్లు లేవు. వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ అక్కడి ఆటలు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ క్రీడల విభాగం ద్వారా ఇటీవలి దశాబ్దాలలో ఉమ్మడి అనంతపురం జిల్లా పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఫుట్‌బాల్ చేరువైంది. ఇది కంటోన్మెంటు వారసత్వమూ కాదు, పోలీసు వారసత్వమూ కాదు.

పోలీసు మాత్రం ఈ మైదానాలలో మరో రూపంలో ఉంది. కానిస్టేబుల్ ఎంపికకు 1600 మీటర్ల పరుగు ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ఏడాది రాయలసీమ ఊళ్లలో హైస్కూలు మైదానాలు తెల్లవారుజామునే నిండుతాయి. స్టాప్‌వాచీ చేతబట్టిన మిత్రుడొకడు గట్టున నిలబడతాడు, నలుగురైదుగురు చుట్లు లెక్కపెట్టుకొంటూ పరుగెత్తుతారు. 1950లో హైదరాబాద్ యువకునికి ఆట వస్తే పోలీసు కొలువు వచ్చేది. ఇప్పటి యువకుడు కొలువు కోసమే పరుగెత్తుతాడు, ఎంపిక ముగిసిన మరునాడు ఆ మైదానంలో అతనికి పని ఉండదు. రెండు తరాల మధ్య జీవిక అవసరం అలాగే ఉంది, దానికీ ఆటకూ మధ్య ఉన్న వంతెన పోయింది. క్రీడాకోటా నియామకాలు కొన్ని ఉన్నా అవి జట్టును నిర్మించే నియామకాలు కావు. వ్యక్తికి ఇచ్చే ప్రోత్సాహకాలు మాత్రమే.

హైదరాబాద్ పోలీసు జట్టు చరిత్రను రాయబూనేవారు ముందుగా చేయవలసిన పని రెండు రాష్ట్రాల పోలీసు శాఖల పాత దస్తావేజులలో క్రీడాకారుల సేవాపుస్తకాలను గుర్తించి, అవి బూజు పట్టకముందే ప్రతులు తీయించడం. ఉర్దూ చదవగలిగిన పరిశోధకునితో కలిసి 1950–65 మధ్య పత్రికల క్రీడాపుటలను సూచీకరించడం రెండోది. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. ఆ పేరు కింద పాత పేరును, పాత పేరు కింద ఆడిన పదకొండుమంది పేర్లను చదవడానికి ఆ సూచిక అవసరం.